రీసెట్ కాదు, జవాబు చెప్పండి

“రీసెట్ చేశారా సార్?”

చేశాం. “రూటర్ ఒకసారి ఆపి వేశారా?” వేశాం. “యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించుకున్నారా?” అదీ అయింది. “అయితే ఇంకోసారి రీసెట్ చేసి చూడండి సార్.”

ఈ దేశంలో స్మార్ట్ లైట్లకి దొరికే వైద్యం ఇంతే. మా ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు కూడా తలనొప్పికీ విరిగిన కాలికీ ఒకే గోళీ ఇచ్చేవాడు గానీ, ఇచ్చే ముందు కనీసం నాడి పట్టుకునేవాడు. వీళ్ళకి ఆ మర్యాద కూడా లేదు. లైటు ఎందుకు వెలగలేదో వాళ్ళకి తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. వాళ్ళకి కావలసింది ఒక్కటే: ఫోను పెట్టేసేసరికి తప్పు మీదైపోవాలి. మీ రూటరు మంచిది కాదు, మీ ఇంటి గోడలు మందం, మీ ఆవిడ స్విచ్చి ఆపేసింది, మీరు సరిగ్గా అయిదు సార్లు ఆపి వెయ్యలేదు. పదివేలు పోసి కొన్నవాడు చివరికి తనే నేరస్థుడిలా తల దించుకుంటాడు.

నేను చెప్పేది ఒక్కటే మాట. మీ ఇంట్లో దీపం వెలిగించే అధికారం మీ ఇంట్లోనే ఉండాలి. నెట్ ఉన్నా పోయినా, కంపెనీ బతికినా చచ్చినా, ఫోను చేతిలో ఉన్నా లేకపోయినా, గోడ మీద చెయ్యి వేస్తే లైటు వెలగాలి. అలా వెలగనిదాన్ని మీకు అమ్మినవాడు మోసగాడు. ఆ మోసాన్ని కప్పిపుచ్చడానికి పుట్టిన మంత్రమే రీసెట్.

అతిగా మాట్లాడుతున్నానా? అయితే 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఏం జరిగిందో వినండి.

ఇన్‌స్టియాన్ అని ఒక కంపెనీ. 2005 నుంచి ఇళ్ళకి లైటు స్విచ్చిలు, డిమ్మర్లు, వాటిని నడిపే హబ్బులు అమ్మింది. ఏప్రిల్‌లో ఒకరోజు దాని సర్వర్లు ఆగిపోయాయి. ముందు ఒక ఉత్తరం లేదు, ఒక హెచ్చరిక లేదు. జనం యాప్ నొక్కుతున్నారు, లైట్లు పలకడం లేదు. కంపెనీ వెబ్‌సైటు మాత్రం సేవలన్నీ భేషుగ్గా నడుస్తున్నాయని చెబుతూనే ఉంది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు లింక్డ్‌ఇన్‌లో తమ పేరు పక్క నుంచి కంపెనీ పేరు చెరిపేసుకున్నారు. మరి కొనుక్కున్నవాళ్ళు ఏం చేశారు? అన్నేళ్ళుగా వాళ్ళకి నేర్పిన పనే చేశారు. హబ్బుని రీసెట్ చేశారు.

అక్కడే మునిగారు. ఆ హబ్బులోకి వెళ్ళడానికి కావలసిన ఖాతా వివరాలు రీసెట్‌తో చెరిగిపోతాయి. మామూలు రోజుల్లో అయితే కంపెనీ సర్వరే వాటిని తిరిగి పంపుతుంది. సర్వరు చచ్చింది కాబట్టి పంపేవాడు లేడు. ముట్టుకోకుండా ఊరుకున్నవాళ్ళ హబ్బులు ఇంటి లోపల ఇంకా పనికొచ్చాయి. బుద్ధిగా చెప్పినట్టు విన్నవాళ్ళవి మూగబోయాయి. అదే ఏడాది జూన్‌లో ఆ కంపెనీ పాత ఖాతాదారులే కొందరు దాన్ని కొని మళ్ళీ లేపారు. అది వాళ్ళ పట్టుదల. కంపెనీ దయ కాదు.

ఇదేదో ఒక్క కంపెనీకి పట్టిన గ్రహచారం అనుకుంటున్నారా? రివాల్వ్ అనే హబ్బుని మూడు వందల డాలర్లకి, జీవితాంతం సేవ అని చెప్పి అమ్మారు. 2014లో గూగుల్‌వాళ్ళ నెస్ట్ ఆ కంపెనీని కొనేసింది. 2016 మే 15న హబ్బు గొంతు నొక్కేసింది. జీవితాంతం అన్నది ఎవరి జీవితమో కొన్నవాళ్ళకి అప్పుడు అర్థమైంది. లోస్ దుకాణాలవాళ్ళ ఐరిస్ అనే స్మార్ట్ హోమ్ సేవ 2019 మార్చి 31తో ముగిసింది. వింక్ అనే ఇంకో కంపెనీ 2020 మేలో, ప్రపంచమంతా కరోనాతో ఇళ్ళలో బందీ అయి ఉండగా, వారం రోజుల గడువిచ్చి నెలకి 4.99 డాలర్లు కట్టండి, లేకపోతే మీ ఇంటి సామాను మీ మాట వినదు అంది. ఆస్‌రామ్ లాంటి పెద్ద పేరున్న సంస్థ కూడా 2021 ఆగస్టులో తన లైటిఫై లైట్ల సర్వర్లకి తాళం వేసింది.

“అవన్నీ అమెరికా కథలు, మనకెందుకు?” అంటారు కొందరు మేధావులు. అయ్యా, మీ హాల్లో ఉన్న స్విచ్చి ఏ దేశంలో ఉన్న సర్వరుతో మాట్లాడుతోందో చెప్పండి చూద్దాం. పెట్టె మీద పేరు మన దేశానిదే అయి ఉండొచ్చు. లోపలి చిప్పు, యాప్, సర్వరు ఎవరివో ఎప్పుడైనా అడిగారా? 2025 అక్టోబరు 20న అమెజాన్‌వాళ్ళ వర్జీనియా డేటా కేంద్రాల్లో, ఏ సర్వరు ఎక్కడుందో చెప్పే పేర్ల పుస్తకం (డి.ఎన్.ఎస్.) తప్పింది. అలెక్సాలు మూగబోయాయి, డోర్‌బెల్ కెమెరాలు కళ్ళు మూశాయి, వేడీ చల్లదనం సరిచూసే ఖరీదైన పరుపులు సైతం మొండికేశాయి. మంచం మీద పడుకోవడానికి వర్జీనియా అనుమతి కావలసిన కాలంలో ఉన్నాం మనం. దీని పేరు సౌకర్యమట.

సరే, సర్వరు పాపం సర్వరుది. మిగతా పాపాలు మన గడ్డ మీదే పండుతున్నాయి.

మొదటి ముద్దాయి బిల్డరు. కోకాపేటలోనో తెల్లాపూర్‌లోనో మధురవాడలోనో ముప్పై అంతస్తులు లేపుతాడు. బ్రోషరు మీద బంగారు అక్షరాలతో ‘స్మార్ట్ హోమ్ రెడీ’ అని అచ్చు వేయిస్తాడు. గృహప్రవేశం అయ్యాక స్విచ్చి బోర్డు విప్పి చూస్తే లోపల న్యూట్రల్ తీగ ఉండదు. మామూలు స్విచ్చికి అది అక్కర్లేదు: ఫేజు తీగ ఒకటి వస్తుంది, ఇంకొకటి లైటుకి పోతుంది, మధ్యలో కలపడమో తెంపడమో, అంతే. స్మార్ట్ స్విచ్చి లోపల ఒక రేడియో ఉంటుంది. లైటు ఆరినా ఆ రేడియో మేలుకుని ఉండాలి. దానికి తిండి కావాలి, తిండికి న్యూట్రల్ కావాలి. అది లేని చోట పెట్టే స్విచ్చిలు కొన్ని ఉన్నాయి. అవి లైటులోంచే సన్నగా కరెంటు పారించుకుని బతుకుతాయి. పాతకాలం అరవై వాట్ల బల్బుకి ఆ సన్నధార తెలిసేది కాదు. ఏడు వాట్ల ఎల్.ఈ.డి.కి తెలుస్తుంది. అందుకే ఆపినా మసకగా వెలుగుతుంది, లేదా రాత్రంతా కన్ను కొడుతుంది. లైటు దగ్గర బైపాస్ కెపాసిటర్ పెడితే చాలావరకు కుదురుతుంది. ఈ మాట మీకు చెప్పిన అమ్మకందారు ఎవరైనా ఉన్నారా? “బల్బు మార్చండి సార్” అనే ఉంటాడు. బల్బు కూడా వాడి దగ్గరే కొనాలి మరి.

మన ఇళ్ళలో ప్లగ్గు సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉంటుంది. మెట్ల దగ్గర పైనా కిందా పెట్టే టూ-వే స్విచ్చి పెట్టెల్లో సాధారణంగా ఉండదు. పైపులు వేసేటప్పుడే ఇంకొక తీగ లాగితే అయ్యే ఖర్చు, ఆ బ్రోషరు కాగితం ఖర్చు ముందు ఎంత? కానీ తీగ గోడలో దాక్కుంటుంది, బ్రోషరు కళ్ళకి కనిపిస్తుంది. అందుకే బిల్డరు ఎప్పుడూ కనిపించేదాని మీదే ఖర్చు పెడతాడు.

మీరు మాత్రం తక్కువ తిన్నారా? ఆ ఫ్లాటు కొనేటప్పుడు సిద్ధాంతిగారిని కారులో తీసుకెళ్ళారు. వంటిల్లు ఆగ్నేయంలో ఉందా, ఈశాన్యం పెరిగిందా అని టేపు పట్టి అంగుళాలు కొలిచారు. స్విచ్చి పెట్టెలో ఎన్ని తీగలున్నాయో ఒక్కరైనా స్క్రూ విప్పి చూశారా?

చూడలేదు. అందుకే వాళ్ళు వెయ్యలేదు.

రెండో ముద్దాయి గాలిలో ఉన్నాడు. చవక వైఫై బల్బు 2.4 గిగాహెర్ట్జ్ మీద మాత్రమే వింటుంది. మీ కొత్త రూటరు 2.4కీ 5కీ ఒకే పేరు పెట్టి కలిపేస్తుంది, మీ ఫోను 5 పట్టుకుని కూర్చుంటుంది. చాలా బల్బులు పెయిరింగ్ దగ్గరే బోర్లా పడేది ఇందుకే. రూటరులో రెండింటికీ వేరు వేరు పేర్లు పెడితే చాలాసార్లు పని అయిపోతుంది. జిగ్బీ అనే వేరే రేడియో పద్ధతిలో మాట్లాడే లైట్లదీ ఆ 2.4 వీధే. అందులో వైఫై ఒక పెద్ద లారీ, జిగ్బీ సైకిలు. వైఫై ఒకటో ఛానెల్‌లో ఉంటే జిగ్బీ పదకొండు దాని చక్రాల కిందే పడుతుంది. ఇరవయ్యో ఇరవై అయిదో ఎంచుకుంటే బతుకుతుంది. ఒక్కో అంతస్తులో ఎనిమిది ఫ్లాట్లు, ఎనిమిది రూటర్లు ఉన్న మన అపార్టుమెంట్లలో ఈ లెక్క చూసుకోకుండా లైట్లు బిగించేవాడు ఎలక్ట్రీషియనూ కాదు, ఇంజనీరూ కాదు. ఇంకో విడ్డూరం: యు.ఎస్.బి. 3.0 రంధ్రాలు, తీగలు 2.4 మీద రొద పోస్తాయని ఇంటెల్ 2012లోనే కాగితం రాసి చెప్పింది. ఇప్పటికీ జిగ్బీ డాంగిల్‌ని ఆ రంధ్రంలోనే నేరుగా గుచ్చి, “రేంజి రావట్లేదు” అని ఏడ్చేవాళ్ళున్నారు. మూరెడు ఎక్స్‌టెన్షన్ వైరు వేసి దూరంగా జరిపితే పోయే జబ్బుకి కొత్త హబ్బు కొంటారు.

ఇక డల్లాస్ బావగారి సంగతి. పండక్కి వస్తూ సూట్‌కేసు నిండా జడ్-వేవ్ అనే ఇంకో రేడియో పద్ధతి స్విచ్చిలు తెస్తారు. “ఇండియాలో దొరకవు, అక్కడ టాప్ బ్రాండ్” అంటారు. బావగారూ, నమస్కారం. అమెరికా జడ్-వేవ్ మాట్లాడేది 908.4 మెగాహెర్ట్జ్ మీద. మన దేశంలో దానికిచ్చిన చోటు 865.2. మన హబ్బుకి మీ స్విచ్చి జన్మలో వినపడదు. హబ్బు కూడా మీరే తెచ్చానంటారా? ఆ 908 చుట్టుపక్కల మన దేశంలో మొబైల్ కంపెనీలు కోట్లు పోసి కొనుక్కున్న తరంగాలు తిరుగుతున్నాయి. పైగా అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ఇవన్నీ పెట్టె మీద రాసే ఉంటాయి. చదివే ఓపికే ఎవరికీ లేదు.

మూడో ముద్దాయి ఎవరనగానే మీరంతా ఒకే వైపు చూస్తారు: ఇంట్లో పనిచేసే అమ్మాయి వైపు, లేదా అత్తగారి వైపు. “ఎన్నిసార్లు చెప్పాలి, ఆ గోడ స్విచ్చి ఆపొద్దని!” ఆగండి. స్మార్ట్ బల్బు కొని, దానికి కరెంటిచ్చే స్విచ్చిని అందరికీ అందేచోట వదిలేసి, దాన్ని ముట్టుకోవడం నేరమని శాసనం చేసింది ఎవరు? స్విచ్చి ఆపడం మనిషికి చిన్నప్పటి నుంచి అబ్బిన పద్ధతి, కరెంటు బిల్లు భయంతో నేర్చుకున్న సంస్కారం. ఆ సంస్కారాన్ని తప్పుగా మార్చేసిన డిజైన్‌ది దోషం. పైగా జిగ్బీ బల్బు ఒక్కటి ఆరితే ఆరేది అదొక్కటే కాదు. కరెంటున్న బల్బుల్లో చాలావరకు పక్కవాటికి కబురు మోస్తాయి. మోసేది ఆగితే దాని వెనకున్న సెన్సరూ, బాల్కనీ లైటూ దారి తప్పుతాయి. బెడ్‌రూములో స్విచ్చి ఆపితే బాల్కనీ మూగబోవడం దయ్యం పని కాదు, ఇదీ అసలు సంగతి.

కరెంటు కోతల దేశానికి ఈ సరుకు తెచ్చినవాళ్ళు కోత గురించి ఆలోచించనే లేదు. రాత్రి రెండింటికి కరెంటు పోయి వస్తుంది. బల్బులు సెకన్లలో లేస్తాయి, రూటరు నిమిషాలు తీసుకుంటుంది. కొన్ని బల్బులు నెట్ కనపడక అలిగి ఆఫ్‌లైన్ అయిపోతాయి. కొన్ని నిద్రపోతున్న పిల్లల మొహం మీద నిండు తెలుపుతో వెలుగుతాయి. కరెంటు వచ్చాక బల్బు ఏ స్థితిలో లేవాలో నిర్ణయించే అమరిక చాలా యాపుల్లో ఉంది. ఏ మూలనో. రూటరుని ఇన్వర్టరు మీద పెట్టమని చెప్పేవాడు ఒక్కడూ లేడు.

ఇంకొక మాట, కొంచెం చేదుగా. ఈ ఇంటి యాప్ ఎవరి ఫోనులో ఉంది? చాలా ఇళ్ళలో ఇంటాయన ఫోనులో. ఆయన బెంగళూరు వెళితే ఆవిడ హాల్లో లైటు కోసం ఫోను చెయ్యాలి. నవ్వుకుంటారు. 2018లో న్యూయార్క్ టైమ్స్ రాసిన కథనం చదివితే నవ్వు ఆగుతుంది. ఇళ్ళలోని లైట్లు, తాళాలు, థర్మోస్టాట్లు, కెమెరాలనే భార్యల్ని వేధించే ఆయుధాలుగా వాడుకున్న మొగుళ్ళ గురించి అది. దూరాన కూర్చుని ఇంట్లో లైట్లు ఆడించి మనిషిని పిచ్చెక్కించవచ్చు. గోడ మీద స్విచ్చికి మొగుడూ పెళ్ళామూ పనిమనిషీ తేడా తెలీదు. దాని చేతిలోంచి అధికారం లాక్కుని ఒక ఫోనులో పెట్టి, దానికి పురోగతి అని పేరు పెట్టారు.

ఇక్కడ ఇంకో వర్గం లేచి నిలబడుతుంది. హోమ్ అసిస్టెంట్ భక్తులు. “మేము క్లౌడ్ వాడం, అంతా లోకల్” అంటారు. నిజమే, 2013లో మొదలైన ఆ సాఫ్ట్‌వేరు గొప్పది, ఇన్‌స్టియాన్ మునిగినప్పుడు చాలామందిని ఒడ్డుకి చేర్చింది కూడా. కానీ స్వాములూ, మీ ఇళ్ళ సంగతి చెప్పనా? ప్రతి ఆదివారం అప్‌డేటు పేరుతో ఇంటిల్లిపాదినీ చీకట్లో కూర్చోబెడతారు. మీరు ఊరెళితే ఆ పెట్టెని ముట్టుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు. మీరూ చిన్న సైజు కంపెనీయే. మీ సర్వరు వర్జీనియాలో లేదు, మీ తలకాయలో ఉంది. దానికీ బ్యాకప్ లేదు.

“ఇప్పుడు మ్యాటర్ వచ్చేసింది కదా” అంటారు మరికొందరు. ఏ కంపెనీ సామానైనా కలిసి పనిచేయడానికి ఉమ్మడి ప్రమాణం అది. 2019 డిసెంబరులో ఆపిల్, గూగుల్, అమెజాన్, జిగ్బీ కూటమి కలిసి దాన్ని ప్రకటించాయి. 2022 అక్టోబరు 4న మొదటి ప్రమాణం బయటికొచ్చింది. ఇంటి లోపలే మాట్లాడుకునేలా కట్టారు, ఆ మేరకు దండం పెడతాను. కానీ ముద్ర చూసి మోసపోకండి. థ్రెడ్ అనే రేడియో నెట్‌వర్క్ మీద నడిచే మ్యాటర్ సామాను కొంటే, ఒక కంపెనీ స్పీకరు ఒక థ్రెడ్ సామ్రాజ్యం, ఇంకో కంపెనీ పెట్టె ఇంకో సామ్రాజ్యం పెట్టుకుని, ఒకే ఇంట్లో రెండూ పలకరించుకోని రోజులు ఏళ్ళ తరబడి నడిచాయి. కలిసి నడిచే పద్ధతిని 2024లో వచ్చిన థ్రెడ్ 1.4 తప్పనిసరి చేసింది. మీరు ముందే కొన్న పెట్టెకి అది వస్తుందా? కంపెనీ ఇష్టం. పైగా మ్యాటర్ సామానుకి పదకొండు అంకెల కోడ్ ఉంటుంది. రీసెట్ చేస్తే మళ్ళీ అది కావాలి. ఆ కాగితం ఎక్కడుంది? స్టిక్కరు గోడలో, స్విచ్చి వెనక.

మరి ఏం చెయ్యమంటావు అంటారా? ముందు నాడి పట్టుకోండి. గోడ మీద మీట నొక్కితే లైటు వెలుగుతుందా? లేకపోతే లోపం బల్బులోనో, తీగలోనో, స్విచ్చి లోపల కరెంటు కలిపే రిలేలోనో. ఎల్.ఈ.డి.లు వెలిగే క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటుకి చవక రిలే అతుక్కుపోతుంది, ఆఫ్ నొక్కినా ఆరదు. అది ఏ యాపూ బాగుచెయ్యలేదు. గోడ మీద వెలిగి ఫోనులో వెలగకపోతే, రూటరుని అలాగే ఉంచి దానికొచ్చే బయటి నెట్ తీగ మాత్రం పీకండి. అప్పటిదాకా పలికే మిగతా లైట్లు కూడా మూగబోతే మీ ఇల్లు సర్వరుకి తాకట్టులో ఉంది. ఒకవైపు లైట్లే పోయాయా? ఆ వైపు కబురు మోసేది ఏదో ఆరింది. సాయంత్రాలే ఇబ్బందా? గాలిలో రద్దీ. కరెంటు వచ్చాకేనా? లేచే వరస తప్పింది. ఈ నాలుగు ప్రశ్నలకి డిగ్రీ అక్కర్లేదు. ఇవి అడగని కస్టమర్ కేర్‌కి జీతం ఎందుకో కూడా అడగండి.

ఇక చట్టం సంగతి. మన దేశంలో సబ్బు పెట్టె మీద కూడా గరిష్ఠ ధర, తయారైన నెల, ఫిర్యాదు చిరునామా అచ్చు వెయ్యాలి. లైటు పెట్టె మీద మాత్రం సర్వరు ఎన్నేళ్ళు నడుపుతారో రాయక్కర్లేదు. ఇంట్లో గోడకి బిగించి పదిహేనేళ్ళు వాడే వస్తువుకి ఆయుర్దాయం చెప్పకుండా అమ్మొచ్చు! బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, నెట్‌కి తగిలించే వస్తువుకి భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో చెప్పి తీరాలి. మనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 1915 నంబరుంది, 2022 డిసెంబరు నుంచి రిపేరు హక్కు పేరిట ఒక పోర్టల్ కూడా ఉంది. ఈ లైట్ల కోసం వాటి తలుపు కొట్టే మనుషులే కరువు. సర్వరు ఆగడం సేవాలోపమని వినియోగదారుల కమిషన్‌లో నిలబడి వాదించేవాడు కావాలి. మనవాళ్ళు వాదించరు. వాట్సాప్‌లో ఏడుపు బొమ్మ పెడతారు.

ఈ వారం షోరూముకి వెళ్ళండి. మెరిసే డెమో గదిలో ఆ టై కట్టుకున్న కుర్రాణ్ణి నెట్ తీగ పీకమనండి. పీకాక లైటు వేసి చూపించమనండి. కంపెనీ మూతపడితే ఇది ఎలా పనిచేస్తుందో కాగితం మీద రాసి ఇమ్మనండి. నా బోర్డులో న్యూట్రల్ లేకపోతే ఏం చేస్తావని అడగండి. నేను ఊళ్ళో లేకపోతే మా అమ్మ ఈ లైటు ఎలా వేస్తుందని అడగండి. తడబడితే లేచి వచ్చెయ్యండి.

ఈ నాలుగు మాటలు అడగడానికి మొహమాటపడేవాళ్ళు ఇకనుంచి కస్టమర్ కేర్‌ని తిట్టకండి. ఆ హక్కు మీకు లేదు.